గుండు ఎక్కణ్ణుంచి వచ్చింది?

1999 వేసవి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రహదారి ద్రాస్ దగ్గర కొండల అడుగు నుంచి సాగుతుంది. లడాఖ్‌లోని మన సైన్యానికి బియ్యం చేరాలన్నా, కిరోసిన్ చేరాలన్నా, మందుగుండు చేరాలన్నా ఆ దారే ముఖ్యం. శిఖరాల మీద తిష్ఠ వేసిన పాకిస్తాన్ చొరబాటుదారులకు ఆ రోడ్డంతా కనబడుతూనే ఉండేది. లారీల వరుస కదిలిందంటే పైనుంచి వైర్‌లెస్‌లో కబురు వెళ్ళేది. నియంత్రణ రేఖకు అవతల, ఏదో కొండ వెనక దాగిన ఫిరంగి పేలేది. గుండు వచ్చి రోడ్డు మీద పడేది. డ్రైవర్లు హెడ్‌లైట్లు ఆర్పేసి, పక్కన లోయ ఉన్న రోడ్డు మీద, రాత్రిపూట లారీలు నడిపారు. తోలోలింగ్ శిఖరం వాలు మీద బండరాయి చాటున పడుకున్న జవానుకు ఎదుటి తుపాకీ నుంచి ఆ రాయి కాపు కాసింది. ఆకాశం నుంచి దిగే గుండుకు అడ్డుపడేది అక్కడ ఏదీ లేదు.

ఆ కార్గిల్ యుద్ధంలో 527 మంది సైనికులను పోగొట్టుకున్నాం. అందులో పెద్ద వంతు ఎదురు కాల్పుల్లో పోయినవారు కారు, దూరం నుంచి వచ్చి పడిన ఫిరంగి గుండ్లకూ మోర్టార్లకూ బలైనవారు. మన దగ్గర ఫిరంగులు లేక కాదు. బోఫోర్స్ 155 మిల్లీమీటర్ల ఫిరంగులు ఆ కొండల్లో చేసిన పని అందరికీ తెలిసిందే. గుండ్లు, రాకెట్లు, బాంబులు కలిపి రెండున్నర లక్షల పైచిలుకు మనవాళ్ళు పేల్చారు. శిఖరం మీది బంకరు కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని కొట్టగలిగారు. కొండ వెనక కూర్చున్న ఫిరంగి కనబడదు. అది ఎక్కడుందో చెప్పే సాధనం సరైనది మన చేతిలో లేదు. పాత బ్రిటిష్ సింబలీన్ రాడార్లు కొద్దిగా ఉండేవి. అవి దగ్గరి మోర్టార్ల కోసం చేసినవి. అవతలివాళ్ళ దగ్గర మాత్రం అమెరికా తయారీ ఫైర్‌ఫైండర్ రాడార్లు ఉన్నాయి. ఒక గుండు గాలిలో ఉండగానే అది ఏ చోటు నుంచి బయలుదేరిందో లెక్కకట్టే యంత్రాలవి.

ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది అలాంటి రాడార్ల గురించే. లారీ మీద ఎక్కి ఊరూరా తిరిగే రాడార్లు. గుండునూ విమానాన్నీ పసిగట్టే పని వాటిది. ఆ పనిలో అవి ఎంత అక్కరకొస్తాయో, అంత తొందరగా శత్రువు గురికి దొరికిపోతాయి కూడా. ఈ రెండో సంగతి మన పత్రికల్లో తక్కువగా వస్తుంది. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

గుండు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టడం ఫిరంగులు పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కే. గుండు పడి చేసిన గుంటను పరిశీలించి, మట్టి ఏ వైపుకు చిమ్మిందో, గుంట ఏ కోణంలో ఉందో చూసి దిశ అంచనా వేసే పద్ధతి ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దీనికి ఒక భౌతిక శాస్త్రవేత్త తోడయ్యాడు. ఆయన లారెన్స్ బ్రాగ్. 1915లో తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకునేనాటికి ఆయన వయసు 25 ఏళ్ళు. అదే ఏడు బ్రిటిష్ సైన్యం ఆయన్ని ఫిరంగి చప్పుడును బట్టి దాని చోటు కనిపెట్టే పనిలో పెట్టింది. చప్పుడు ఒక్కో చోటికి ఒక్కో క్షణాన చేరుతుంది. కొన్ని మైక్రోఫోన్లను వరుసగా దూరదూరంగా పెట్టి, ఏది ముందు విన్నదో ఏది తర్వాత విన్నదో కొలిస్తే ఫిరంగి చోటు దొరుకుతుంది. చిక్కేమిటంటే, మామూలు మైక్రోఫోనుకు గుండు గాలిని చీల్చే చెళ్ళుమనే శబ్దం బాగా వినబడుతుంది కానీ ఫిరంగి మూతి దగ్గరి బరువైన, మంద్రమైన శబ్దం పట్టుబడదు. బ్రాగ్ బృందంలోని టకర్ అనే ఆయన సన్నటి ప్లాటినం తీగను వేడిచేసి పెట్టాడు. ఫిరంగి మోతతో వచ్చే గాలి ఊపు తగిలితే తీగ చల్లబడుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పు ఫిల్ము మీద గీతగా పడుతుంది. యుద్ధం ముగిసేనాటికి శత్రువు ఫిరంగుల జాడ తీయడంలో ఇది నమ్మకమైన పద్ధతి అయింది. కానీ గాలి ఎదురు తిరిగినా, ఒకేసారి వంద ఫిరంగులు మోగినా లెక్క తప్పేది.

రాడార్ వచ్చాక ఆ చిక్కు మరో రూపం ఎత్తింది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 30 కిలోమీటర్ల దూరంలోని వస్తువుకు తగిలి తిరిగి రావడానికి 200 మైక్రోసెకన్లు చాలు. దిశ, దూరం, ఎత్తు మూడూ తెలిసిపోతాయి. అయితే ఫిరంగి గుండు చాలా చిన్న వస్తువు. యుద్ధ విమానంతో పోలిస్తే అది వెనక్కి పంపే ప్రతిధ్వని వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. రాడార్ లెక్కలో ఒక కఠినమైన నియమం ఉంది. తరంగం వెళ్ళేటప్పుడు పలచబడుతుంది, తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే తిరిగొచ్చే బలం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే విమానాన్ని 170 కిలోమీటర్లలో చూడగల రాడార్, ప్రతిధ్వని వెయ్యో వంతుకు తగ్గిన వస్తువును 30 కిలోమీటర్లకు మించి చూడలేదు.

గుండును పట్టుకునే రాడార్ పని ఇలా సాగుతుంది. ఎదుటి కొండల అంచుకు కాస్త పైగా, ఒక చివర నుంచి మరో చివర దాకా, రాడార్ తన కిరణాన్ని తిప్పుతూ ఉంటుంది. దాని ప్యానెల్ కదలదు. ప్యానెల్ మీద వేలకొద్దీ చిన్న చిన్న ప్రసారక బిందువులు ఉంటాయి. ఒక్కోదాన్ని కొద్దిపాటి తేడాతో పలికిస్తే అన్నీ కలిసిన కిరణం అనుకున్న వైపుకు వంగుతుంది. ఆ వంపు మైక్రోసెకన్లలో జరుగుతుంది. కింది నుంచి లేచిన గుండు ఆ కంచెను దాటగానే రాడార్ ఒక కిరణాన్ని దాని వెంట పంపి, కొద్ది సెకన్లు వెంబడిస్తుంది. ఆ కాస్త దారి చాలు. గుండు ఎగిరాక దానికి ఇంజను లేదు, తనంతట తాను మలుపు తీసుకోదు. భూమి గురుత్వమూ గాలి నిరోధమూ దాన్ని నడుపుతాయి. ఆ రెండూ లెక్కకు లొంగేవి. దారిని వెనక్కి పొడిగిస్తే ఫిరంగి ఉన్న చోటు, ముందుకు పొడిగిస్తే గుండు పడబోయే చోటు. 155 మిల్లీమీటర్ల గుండు ఇరవై కిలోమీటర్లు పోవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. అంటే అది నేలను తాకకముందే దాని పుట్టుక తెలిసిపోతుంది.

కాగితం మీద ఇంత సులువు. కొండల్లో మాత్రం వెనక్కి పొడిగించిన దారి నేలను ఎక్కడ తాకుతుందనేదే పెద్ద ప్రశ్న. గుండు 45 డిగ్రీల కోణంలో లేచిందనుకుందాం. ఫిరంగి ఉన్న చోటు ఎత్తు విషయంలో మన పటం 100 మీటర్లు తప్పితే, ఫిరంగి స్థానం కూడా 100 మీటర్లు తప్పుతుంది. గుండు ఇంకా తక్కువ కోణంలో లేస్తే తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకని ఆ రాడార్ కడుపులో కొండల ఎత్తుపల్లాల పటం ఉండి తీరాలి. రాడార్ తానున్న చోటునూ ఉత్తర దిక్కునూ కూడా తప్పులేకుండా తెలుసుకోవాలి. గన్నర్లు వృత్తాన్ని 6,400 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని మిల్ అంటారు. ఉత్తరం ఒక్క మిల్ తప్పిందంటే 30 కిలోమీటర్ల దూరాన గురి దాదాపు 30 మీటర్లు పక్కకు పోతుంది.

ఒక రాడార్ బండి పని మొదలుపెట్టే తీరు దగ్గరగా చూద్దాం. చీకటి పడ్డాక లారీ రోడ్డు దిగి బంజరులోకి వస్తుంది. ఆగీ ఆగకముందే జవాన్లు దిగి, నాలుగు మూలలా హైడ్రాలిక్ కాళ్ళ కింద దిమ్మలు సర్దుతారు. నేల మెత్తగా ఉంటే ఒక కాలు దిగబడుతుంది, దిమ్మ మార్చి మళ్ళీ లెవెల్ చూసుకోవాలి. రెండో లారీలో జనరేటర్లు ఉంటాయి. అక్కణ్ణుంచి మణికట్టంత లావు కేబులు లాక్కొచ్చి బిగించాలి. చలికి కేబులు బిగుసుకుపోతే ఆ పనికి మరో ఇద్దరు కావాలి. పడుకోబెట్టిన ప్యానెల్ నిలువుగా లేస్తుంది. ఉత్తరం సరిచూస్తారు. లోపల క్యాబిన్‌లో తెర వెలుగుతుంది. సాధనం తనను తాను పరీక్షించుకుంటుంది. ఇదంతా అరగంటలో అయిపోవాలి. తర్వాత చేసే పని చూడటం. ఆ తర్వాతి పని ఇదంతా తలకిందులుగా చేసి, ఇంకా తొందరగా అక్కణ్ణుంచి వెళ్ళిపోవడం.

ఎందుకంత తొందర? రాత్రిపూట చేలో టార్చిలైటు వేసి నడిచే మనిషికి తన వెలుగు పడినంత మేరే కనబడుతుంది. అతను మాత్రం ఊరి చివర్నుంచి కూడా అందరికీ కనబడుతాడు. రాడార్ పరిస్థితి సరిగ్గా ఇదే. దాని తరంగం వెళ్ళి రావాలి. దాన్ని దొంగచాటుగా వినే శత్రువు యంత్రానికి తరంగం ఒక్క వైపు చేరితే చాలు. దూరం రెట్టింపైతే రాడార్‌కు పదహారో వంతు మిగులుతుంది, వినేవాడికి నాలుగో వంతు మిగులుతుంది. పోటీ ఎప్పుడూ వినేవాడి వైపే మొగ్గుతుంది. ఆ తరంగాన్నే దారిగా పట్టుకుని వచ్చి రాడార్ మీద పడే క్షిపణులు వియత్నాం యుద్ధం నాటికే వచ్చేశాయి.

రాడార్లు ఇలా కదలలేని రోజులూ ఉన్నాయి. 1940లో బ్రిటన్ తీరం వెంట నిలబడ్డ రాడార్ స్తంభాలు 360 అడుగుల ఎత్తువి. జర్మన్ విమానాలను దూరాన్నే పసిగట్టి బ్రిటన్‌ను కాపాడింది అవే. కానీ కదిలే సైన్యం వెంట స్తంభాలు రావు. బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే ఇద్దరు అదే ఏడాది చేసిన కావిటీ మాగ్నెట్రాన్ రాడార్‌ను బాగా చిన్నది చేసింది. అంగుళాల పొడవు తరంగాలను పెద్ద శక్తితో పుట్టించే గొట్టం అది. తరంగం చిన్నదైతే ఏరియల్ కూడా చిన్నదవుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో దాంతో చేసిన ఎస్‌సీఆర్-584 రాడార్ ఒక ట్రైలర్‌లో ఇమిడిపోయింది. మనిషి చక్రం తిప్పకుండానే విమానం వెంట తనంతట తాను తిరిగేది. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని అంజియో తీరానికి చేరింది. ఆ వేసవిలో లండన్ వైపు ఎగిరొచ్చే జర్మన్ వీ-1 బాంబులను కెంట్ తీరం ఫిరంగులు కూల్చింది ఎక్కువగా దీని సాయంతోనే.

కదిలించగలిగినదాన్ని ఎత్తుకుపోవడమూ కుదురుతుంది. 1942 ఫిబ్రవరిలో బ్రిటిష్ పారాట్రూపర్లు ఫ్రాన్స్ తీరంలోని బ్రూనెవాల్‌లో రాత్రిపూట దిగి, జర్మన్ వుర్జ్‌బుర్గ్ రాడార్ భాగాలు విప్పుకుని సముద్రం మీదుగా వెళ్ళిపోయారు. 1969 డిసెంబరులో ఇజ్రాయెల్ ఇంకొక అడుగు వేసింది. ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టుకు రస్ గారిబ్ దగ్గర పీ-12 అనే సోవియట్ రాడార్ ఉండేది. ముందు దాని మీద బాంబు వేద్దామనుకున్నారు. తీసిన ఫొటోలు చూసిన తర్వాత, కూల్చడమెందుకు, తెచ్చేసుకుందాం అన్న ఆలోచన వచ్చింది. కమాండోలు రాత్రి దిగి కాపలాను అణిచి, కేబుళ్ళు కోసి, బోల్టులు విప్పారు. తెల్లవారక ముందే రెండు పెద్ద సీహెచ్-53 హెలికాప్టర్లు వచ్చి, ఒకటి రాడార్ క్యాబిన్‌నూ మరొకటి ఏరియల్‌నూ కింద వేలాడదీసుకుని సూయజ్ సింధుశాఖ దాటించాయి. క్యాబిన్ బరువుకు మొదటి హెలికాప్టర్ హైడ్రాలిక్ గొట్టం చిట్లింది. అయినా పైలట్ బరువు వదలకుండా అవతలి ఒడ్డు చేర్చాడు. ఒక్క రాత్రిలో ఒక దేశపు రాడార్ గుట్టు మరో దేశం ప్రయోగశాలలో బల్ల మీదికి చేరింది.

ఆ రాడార్ వంశంలోదే పీ-18. కార్గిల్ కొండల మీద కాల్పులు మొదలు కావడానికి కొద్ది వారాల ముందు, 1999 మార్చి 27న సెర్బియాలో అది ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. నాటో విమానాలు యుగోస్లావియా మీద బాంబులు వేస్తున్న రోజులవి. అమెరికా ఎఫ్-117 విమానం రాడార్‌కు కనబడదని పేరు. దాని పలకలు, కోణాలు అన్నీ సెంటీమీటర్ల తరంగాలను పక్కకు చెదరగొట్టేలా కూర్చినవి. పీ-18 తరంగం దాదాపు రెండు మీటర్ల పొడవుది. అంత పొడవు తరంగానికి ఆ కోణాల చాకచక్యం పూర్తిగా పనిచేయదు. 250వ వైమానిక రక్షణ బ్రిగేడ్‌లో ఒక క్షిపణి దళానికి కమాండర్ జోల్తాన్ దానీ. ఆయన ఆ పాత రాడార్‌తో విమానం జాడ తీసి, పాతకాలపు నేవా క్షిపణితో బుడానోవ్‌త్సీ అనే ఊరి దగ్గర దాన్ని కూల్చాడు.

దానీ చేసిన గొప్ప పని అది ఒక్కటే అనుకుంటే సగం కథే విన్నట్టు. 78 రోజుల యుద్ధంలో నాటో వందలకొద్దీ రాడార్ వేట క్షిపణులు ప్రయోగించింది. దానీ దళం చివరి దాకా నిలిచింది. ఆయన పెట్టిన నియమాలు కఠినమైనవి. గురిపెట్టే రాడార్ 20 సెకన్లకు మించి వెలగకూడదు. పేల్చినా పేల్చకపోయినా ఆ తర్వాత సామాను సర్దుకుని కదలాల్సిందే. సెల్‌ఫోన్ వాడకూడదు, రేడియోలో మాట్లాడకూడదు, కబురు తీగ మీదో మనిషి చేతో వెళ్ళాలి. దూరంగా నకిలీ ప్రసారాలు పెట్టి వేట క్షిపణులను అటు మళ్ళించేవారు. రాత్రంతా క్యాబిన్‌లో కూర్చుని, చూసేందుకు దొరికేది 20 సెకన్లు. ఆ 20 సెకన్లలో గుర్తించి, తేల్చుకుని, మీట నొక్కాలి. అంత నిగ్రహం ఆ పాత యంత్రాలకు ప్రాణం పోసింది. యుద్ధం తర్వాత ఆయన బేకరీ పెట్టుకున్నాడు. ఏళ్ళ తర్వాత, తాను కూల్చిన విమానం పైలట్ డేల్ జెల్కో వచ్చి కలిశాడు, ఇద్దరూ స్నేహితులయ్యారు.

మన సంగతికి వస్తాను. ఆయుధాల జాడ తీసే రాడార్ కావాలని మన సైన్యం కార్గిల్‌కు ముందు నుంచే అడుగుతూ ఉండేది. అమెరికా నుంచి కొనే దారి 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలతో మూసుకుపోయింది. ఆంక్షలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ద్రాస్ రోడ్డు మీద గుండ్లు పడ్డాయి. ఆ రాడార్ మనకు దొరకని కాలంలో దాని అవసరం వచ్చింది. కార్గిల్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువగా మనసుకు గుచ్చుకునే సంగతి ఇది. ఆంక్షలు తొలగాక 2002లో అమెరికా ఏఎన్-టీపీక్యూ-37 రాడార్లు అమ్మింది. కానీ పోయిన సైనికులు తిరిగిరారు.

ఈలోగా ఒడిశా తీరంలో ఒక చిన్న విషయం జరిగింది. అది మన రాడార్ చరిత్రను మలుపు తిప్పింది. బాలాసోర్ దగ్గర చాందీపూర్‌లో, విమానాలను కూల్చే ఆకాశ్ క్షిపణిని పరీక్షిస్తున్నారు. ఆకాశ్ పుట్టిల్లు హైదరాబాదే. 1983లో అబ్దుల్ కలాం ఆధ్వర్యంలో మొదలైన క్షిపణి కార్యక్రమంలో డీఆర్‌డీఎల్ ప్రయోగశాలలో దాని రూపకల్పన జరిగింది, తయారీ కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్‌లో. ఆకాశ్‌కు దారి చూపే రాడార్ పేరు రాజేంద్ర, బెంగళూరులోని ఎల్ఆర్‌డీఈ ప్రయోగశాలది. దాని ప్యానెల్ మీద, కిరణాన్ని వంచే దశ మార్పిడి భాగాలు దాదాపు 4,000 ఉంటాయి. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ భారతీ భట్ బృందం వాటిని రూపొందించింది. బయటి దేశాలు ఇవ్వనన్న భాగాలవి. ఆకాశ్ పరీక్షల కోసం ఆన్ చేసిన ఆ రాడార్ తెర మీద, విమానాలు కాని చిన్న చుక్కలు లేచి దిగుతున్నాయి. పక్కనే ఉన్న ఫిరంగుల పరీక్షా క్షేత్రంలో పేలుస్తున్న గుండ్లవి. విమానాల కోసం చేసిన రాడార్ గుండ్లను చూస్తోంది! ఇంజనీర్లు ఆ చుక్కలను అనవసరపు చెత్త అని చెరిపేయలేదు. ఆ చూపు నుంచి మన స్వాతి రాడార్ పుట్టింది.

స్వాతి రెండు లారీల మీద వెళ్తుంది. రాడార్ ఒకదాని మీద, విద్యుత్తు మరోదాని మీద. ఫిరంగి గుండును 30 కిలోమీటర్ల దూరంలో, పెద్ద రాకెట్లను 40 కిలోమీటర్ల దూరంలో, 81 మిల్లీమీటర్ల మోర్టారును 20 కిలోమీటర్ల దూరంలో పసిగడుతుంది. ఏకకాలంలో ఏడు గుండ్లను వెంబడిస్తుంది. 99 ఆయుధ స్థానాలను గుర్తుపెట్టుకుంటుంది. మన ఫిరంగి పేల్చిన గుండు ఎక్కడ పడిందో కూడా చెప్పి గురి దిద్దుతుంది. ఎదుటి కొండపైకి పరిశీలకుణ్ణి పంపి ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిన పని చాలావరకు తప్పుతుంది. 2017 మార్చి 2న రక్షణ మంత్రి మనోహర్ పరీకర్ దీన్ని సైన్యానికి లాంఛనంగా అప్పగించారు. 2020లో ఆర్మేనియా నాలుగు స్వాతి రాడార్లు కొనుక్కుంది. ఒకప్పుడు అడిగినా ఇవ్వరన్న సరుకు మన దేశం నుంచి బయటికి వెళ్ళింది. 2023 మార్చి 30న మైదాన ప్రాంతాల కోసం మరో 12 స్వాతి రాడార్లకు భారత్ ఎలక్ట్రానిక్స్‌తో రూ. 990 కోట్లకు పైగా ఒప్పందం కుదిరింది. కొండల కోసం తేలికైన మరో రూపం కూడా చేశారు. కార్గిల్ లాంటి చోట ఇరుకు మలుపుల్లో ఎనిమిది చక్రాల లారీ తిరగడం ఎంత కష్టమో ఆ దారిన వెళ్ళిన డ్రైవర్లు చెబుతారు.

గుండు దారి ఒకటే, విమానం దారి ఎన్నో రకాలు. కిందికి దిగి ఎగిరే విమానానికి భూమి వంపే చాటు. ఐదు మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్న రాడార్‌కు నూరు మీటర్ల ఎత్తున వచ్చే విమానం చదును నేల మీద కూడా 50 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనబడదు. నిమిషానికి 15 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానమైతే చేతిలో మూడు నిమిషాలే ఉంటాయి. కొండలుంటే ఆ కాస్తా ఉండదు. అందుకని లోయలోని ప్రతి సందునూ కాయడానికి చిన్న రాడార్లు కావాలి. భరణి, ఆశ్లేష అలాంటివి. విడి భాగాలుగా విప్పి, కంచర గాడిదల మీదో జవాన్ల వీపు మీదో శిఖరానికి చేర్చి బిగించుకోవచ్చు. మైదానానికి రోహిణి ఉంది, ఇంకా దూరం చూసే ఆరుద్ర ఉంది. మన రైతులు కార్తెలకు వాడే నక్షత్రాల పేర్లే అన్నీ. వీటి చూపులన్నిటినీ కలిపి ఒకే చిత్రంగా కమాండర్ ముందుంచేందుకు భారత్ ఎలక్ట్రానిక్స్ ఆకాశ్‌తీర్ వ్యవస్థను తయారుచేసింది. 2025 మేలో సరిహద్దు దాటి డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు ఆకాశ్, ఆకాశ్‌తీర్ రెండూ పనిలో ఉన్నాయి. అదే రోజుల్లో మన దళాలు ఎంచుకున్న లక్ష్యాల్లో పాకిస్తాన్ వైమానిక రక్షణ రాడార్లు ఉన్నాయన్నది మరచిపోకూడదు. మనం అవతలి రాడార్‌ను ఎలా వెతుకుతామో, మన రాడార్‌ను అవతలివాడు అలాగే వెతుకుతాడు.

2020లో నాగొర్నో-కరాబాఖ్‌లో 44 రోజుల యుద్ధం ఈ భయాన్ని కళ్ళకు కట్టింది. అజర్‌బైజాన్ దగ్గర హారోప్ అనే ఇజ్రాయెల్ డ్రోన్లు ఉన్నాయి. అవి గంటల తరబడి గాలిలో చక్కర్లు కొడుతూ, కింద ఎవరైనా రాడార్ ఆన్ చేస్తారేమోనని ఎదురుచూస్తాయి. ఆన్ చేస్తే దాని మీదికి దూకుతాయి. వెనకటి వేట క్షిపణి ఒక్కసారి వచ్చిపోయేది, రాడార్ ఆపేస్తే గురి తప్పేది. వీటికి ఓపిక ఉంది. ఆర్మేనియా పక్షపు సోవియట్ కాలం నాటి వైమానిక రక్షణ బండ్లు ఒక్కొక్కటిగా కాలిపోవడం ప్రపంచమంతా వీడియోల్లో చూసింది.

డ్రోన్లు తెచ్చిన మరో చిక్కు పక్షులు. చేతిలో ఇమిడే డ్రోన్‌కూ గద్దకూ రాడార్ తెర మీద దాదాపు ఒకే సైజు చుక్క వస్తుంది. రెండూ నెమ్మదిగానే ఎగురుతాయి. తేడా పట్టే ఉపాయం రెక్కల్లో ఉంది. డ్రోన్ రెక్కలు నిమిషానికి వేల సార్లు తిరుగుతూ ప్రతిధ్వనిలో ఒక సన్నటి వణుకు కలుపుతాయి. గద్ద రెక్క ఆడించే తీరు వేరు. ఆ వణుకును వినగలిగే చురుకుదనం కొత్త రాడార్లకు నేర్పుతున్నారు. 2025 మార్చిలో రక్షణ శాఖ రూ. 2,906 కోట్లతో భారత్ ఎలక్ట్రానిక్స్‌కు ఒప్పగించిన అశ్విని రాడార్ల మీద నాకు ఆశ ఉంది. తక్కువ ఎత్తులో ఎగిరే యుద్ధ విమానం నుంచి నెమ్మదిగా కదిలే డ్రోన్ దాకా వెంబడించే పని వాటిది. ప్యానెల్ మీద ప్రతి బిందువుకూ సొంత ప్రసారిణి ఉంటుంది. కొన్ని పాడైనా మిగతావి పని సాగిస్తాయి.

అసలు ఏమీ ప్రసారం చేయకుండా చూసే రాడార్ ఉంటే? ఉంది. ఊళ్ళోని ఎఫ్ఎం, టీవీ ప్రసారాలు విమానానికి తగిలి చెదిరినప్పుడు ఆ చెదురు తరంగాలను మాత్రం వింటుంది. దాని దగ్గర వెలుగు లేదు కాబట్టి దాన్ని వెతకడానికి దారి లేదు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో డావెంట్రీ దగ్గర వాట్సన్-వాట్, విల్కిన్స్ అనే ఇద్దరు బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాన్నే వాడుకుని, ఒక బాంబర్ విమానం ఎగురుతుంటే దాని ప్రతిధ్వని పట్టుకున్నారు. బ్రిటిష్ రాడార్ అక్కడే మొదలైంది. ఈ ప్రసంగాన్ని మీ ఇంటికి తెస్తున్న ఎఫ్ఎం తరంగాలు కూడా మీ ఊరి మీదుగా వెళ్ళే విమానానికి తగిలి అలాగే చెదురుతున్నాయి. కానీ ఇలా వినే రాడార్లు విమానం ఎటుందో చెప్పినంత ఖచ్చితంగా క్షిపణికి గురి చెప్పలేవు. ప్రసారం ఎక్కడ బలంగా ఉందో అక్కడే అవి పనిచేస్తాయి, లడాఖ్ లోయల్లో వాటి మీద ఆధారపడలేం. అక్కడ ఇంకా ఎవరో ఒకరు లారీ దిగి, దిమ్మలు సర్ది, జనరేటరు వేసి, కొద్ది సెకన్లు రాడార్ వెలిగించక తప్పదు.